ఉలత్త పూడ్చిన పగులు

మూడో గుంట మీద ఉలి ఆనించి నాలుగు దెబ్బలు వేసేసరికి ఉలత్త చెయ్యి ఆగిపోయింది.

మొదటి రెండు గుంటలు తొలిచినప్పుడు రాయి కంచు పళ్లెంలా ఖంగుమంది. ఇక్కడ మాత్రం ఖాళీ పెట్టె మూత మీద కొట్టినట్టు బొదబొదమంటోంది. ఆమె ఉలి పక్కన పెట్టి, సుత్తితో జానెడుకొక దెబ్బ వేస్తూ మోకాళ్ల మీద వెనక్కి పాకింది. బొద్దు, బొద్దు, బొద్దు. ఒకచోట దాటగానే ఖంగు. మళ్లీ జానెడు ముందుకొచ్చి కొట్టింది. బొద్దు. ఆ రెండు దెబ్బల మధ్య రాతి మీద వెంట్రుకంత గీత కూడా లేదు.

ఆ చుట్టుపక్కల కోటగోడలు, వాగు మీది కమానుల వంతెన, ఆఖరికి పశువుల తొట్లు కూడా ఈ రాతివే. వందల ఏళ్లు తవ్వి తవ్వి వదిలేసిన తొమ్మిది క్వారీల్లో ఇప్పుడు నీళ్లు నిండాయి. ఒకటి నెమలి మెడ రంగు, ఇంకొకటి సున్నపుతేట రంగు. వాటిని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారు. కోట దగ్గర మొదలుపెట్టి చెరువు వెంట చెరువును కలుపుతూ కాలిబాట వేశారు. అన్నిటిలోకీ అందమైంది ఐదోది. నలభై అడుగుల ఎత్తున దాని మీదకి పొడుచుకొచ్చిన ఈ బండ కొసన నిలబడితే చెరువంతా, అవతలి ఒడ్డున కోట బురుజుతో సహా కళ్లెదుట పరుచుకుంటుంది. నాలుగు రోజుల్లో జనాన్ని బండ మీదకి వదులుతారు. ఈలోగా అంచుల వెంట ఇనుప కటకటాలు నిలబెట్టాలి. కమ్మీలు దిగే గుంటలు తొలిచే పని ఉలత్తకి అప్పజెప్పారు. అరవై రెండేళ్లొచ్చినా రాతిలో గుంట తొలవాలంటే ఆమె తర్వాతే ఎవరైనా.

ఆమె బండ అంచుకి వెళ్లి, బోర్లా పడుకుని, కిందికి తొంగి చూసింది. నీళ్లకి రెండు బారల ఎత్తున, రాతిలో మేకులు దిగ్గొట్టిన గుర్తులు వరసగా ఉన్నాయి. ఆ వరస ఆమె ఎరిగిందే; ఇది ఏ బండో అప్పుడు పోల్చుకుంది. క్వారీలో పనిచేసిన రోజుల్లో ఈ బండని ఎక్కువగా కింద నుంచే చూసేది. పైన ఇన్నేళ్లూ మట్టి పేరుకుని గడ్డి మొలిచింది. పదిరోజుల కిందట బాట వేసేవాళ్లు గీకేస్తే బయటపడింది. పైనుంచి చూస్తే ఏ బండ ఏదో ఆనవాలు పట్టలేకపోయింది.

లేచి వచ్చి సుత్తి, ఉలి సంచిలో వేసుకుంది.

"అదేంటత్తా, పొద్దెక్కకుండానే సంచి కట్టేశావు?" అంటూ కాంట్రాక్టరు వచ్చాడు. అన్నం కూడా నిలబడే తింటాడని అతన్ని అందరూ తొందరయ్య అంటారు. వెనకే టేపు పట్టుకుని ఇంజనీరు.

"ఈ బండ చచ్చిన బండ. దీని మీద జనం ఎక్కకూడదు. కటకటాలు పగులుకి ఇవతల, అడ్డంగా కడదాం."

"ఏ పగులు? నాకు కనబడదే! అత్తకి చత్వారం వచ్చింది సార్. లేని పగుళ్లు కనబడుతున్నాయి."

"నీ కంటికి నీ బూట్లే కనబడవు. పగులు ఎక్కణ్ణుంచి కనబడుతుంది?"

ఇంజనీరు నవ్వు ఆపుకున్నాడు. "ఇవతల కడితే బురుజు సగమే కనబడుతుందమ్మా. జనం వచ్చేది ఆ చూపు కోసమే. పోనీ, నీళ్లు పోసి చూద్దాం. పగులుంటే రాయంతా ఆరిపోయాక ఆ గీత ఒక్కటీ తడిగా మిగులుతుంది."

ఉలత్త అతనివైపు తలెత్తి చూసింది. పుస్తకాలు చదివినవాడికి ఈ పని తెలియడం ఆమెకి నచ్చింది.

రెండు బిందెల నీళ్లు పోశారు. ఎండ చురుక్కుమంటోంది. బండ ఆరుతుండగా బాట మీద మాటలు వినిపించాయి. ఉలత్త కోడలు చెరువులు చూపించే పనిలో ఉంది. పన్నెండుమందిని వెంటేసుకుని జనం రాకుండా బండకి అడ్డంగా కట్టిన తాడుకి అవతల వచ్చి ఆగింది.

"అదిగో, ఆవిడే మా అత్తయ్య. ఈ క్వారీలో ఉలి పట్టిన ఆఖరి మనిషి. ఆవిడ చేతి మీదుగా దొంగపని ఒక్కటీ పోలేదు. రాయి మోసం చేస్తుందేమో గానీ మా అత్తయ్య చెయ్యదు!"

ఈ మాట రోజుకి మూడుసార్లు చెబుతుంది. ఇంట్లో విన్నప్పుడల్లా ఉలత్త "నీ నోటికి తాళం దొరకదా?" అని కసురుకుంటుందే గాని, చెప్పొద్దని మాత్రం ఎన్నడూ అనలేదు.

రాయి ఆరిపోయింది. ఆ చివర నుంచి ఈ చివరకి ఒక్క తీరుగా తెల్లబడింది. గీతా లేదు, మరకా లేదు.

తొందరయ్య చప్పట్లు కొట్టాడు. "చూశావా అత్తా? ఇంక సంచి విప్పు. నువ్వు కాకపోతే మిషనుంది. పూటలో పదహారు గుంటలు పొడుస్తుంది."

"తెచ్చుకో," అంది ఉలత్త. వెళ్లి సరిగ్గా మూడో గుంట మీద చతికిలబడింది. "ముందు నన్ను లేపి, తర్వాత పొడుచుకో."

"ఇదేం మొండితనం? బండ నీ సొత్తా?"

"బండ కాదు. అందులో పగులు నా సొత్తు."

ఎవరికీ అర్థం కాలేదు. కోడలు తాడు దాటి దగ్గరికొచ్చింది. "ఏంటత్తయ్యా ఆ మాటలు? అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఆ నీళ్ల గీత ఎందుకు రాలేదో నాకు తెలుసు. ఈ పగులు పూడ్చింది నేనే."

గొంతు తగ్గించలేదు. తాడు అవతలివాళ్లకి కూడా వినబడేటట్టే చెప్పింది. అప్పుడామెకి ఇరవై ఏళ్లు. ఈ బండని ఒకే పలకగా కొనడానికి పెద్ద బేరగాడు వస్తున్నాడు. పగులుందని తెలిస్తే ముక్కల ధరకి పోతుంది. మేస్త్రీ అందరినీ పోగేసి, "పగులు పూడ్చేవాళ్లు మీలో చాలామందే ఉన్నారు. కనబడకుండా పూడ్చేవాడు ఒక్కడూ లేడు," అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆమెకి రోషం వచ్చింది. లోపల పేలిక కుక్కి, దాని మీద రాతిముక్కలు పేర్చి, లక్కలో అదే బండ పొడి కలిపి, కాచి పోసి, మూడు రోజులు రుద్దింది. బేరగాడు దాని మీద చెప్పులు విప్పి నడిచి, బాగుందన్నాడు. పలక కోయక ముందే అడుగున ఊట పడింది. మోటార్లు తోడలేకపోయాయి. క్వారీ చెరువైంది, బండ మిగిలిపోయింది.

"అంత బాగా పూడ్చానని ఏడాది పాటు మురిశాను," అంది ఉలత్త. "ఇదిగో, ఇవాళ నా మీదకే వచ్చింది."

తొందరయ్య గడ్డం గోక్కున్నాడు. "కథలు మీ ఇంట్లో అందరూ బాగానే చెబుతారు. రుజువేది?"

ఆమె గుంట మీంచి లేచింది. సంచిలోంచి సన్న ఉలి తీసి, ఖంగుకీ బొద్దుకీ మధ్య ఆనించింది. చిన్న చిన్న దెబ్బలు. తెల్లటి పొడి లేచింది, దాని కింద ఎర్రటి లక్క తేలింది. జానెడు, మూరెడు, బారెడు. రాతిముక్కలు ఒక్కొక్కటే పైకి లాగి వరసగా పెట్టింది. చివరికి రెండు వేళ్లు లోపలికి పోనిచ్చి ఏదో పట్టుకుని లాగింది. నల్లబడ్డ చీర పేలిక వచ్చింది. దులిపితే అంచు ఇంకా పసుపుపచ్చగానే ఉంది.

"పెళ్లికి ముందు కట్టుకున్న చీర," అంది.

ఇంజనీరు కమ్మీలు కట్టే తీగ చుట్ట విప్పి, సందులోకి వదిలాడు. తీగ పోతూనే ఉంది. ఒక బార పోయింది. రెండు బారలు పోయింది. చుట్ట అయిపోయింది గాని అడుగు తగల్లేదు. అప్పుడతను తన కాళ్లు ఎటువైపు ఉన్నాయో చూసుకున్నాడు. ఒక్క అంగలో పగులు దాటి ఇవతలికి వచ్చాడు. అతని కంటే ముందే తొందరయ్య వచ్చేశాడు. జీవితంలో ఆ ఒక్కసారే ఆ తొందర పనికొచ్చింది.

"కటకటాలు ఇవతలే," అన్నాడు ఇంజనీరు. "మరి బురుజు?"

"సగం కనబడుతుంది. మనిషి మొత్తం ఇంటికెళతాడు," అంది ఉలత్త.

మూడు రోజులు పట్టింది. తొలిచిన రెండు గుంటల్లో మొదటిది పనికొచ్చింది. రెండోది పగులుకి మూరెడు దూరమే ఉందని ఉలత్త ఒప్పుకోలేదు. "పోనీ పూడ్చెయ్యి, వికారంగా ఉంది," అని తొందరయ్య పోరుపెట్టాడు.

"ఈ బండ మీద ఇంక నేను పూడ్చేది లేదు."

పగులుని కూడా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తెరిచే ఉంచింది. కటకటాల ఇవతల నిలబడినవాళ్లకి అది నల్లటి తాడులా కనబడుతుంది. పదకొండు గుంటలు, ఒక్కొక్కటి మూరెడు లోతు. కమ్మీ దించిన ప్రతిదాన్నీ సుత్తితో తట్టి, ఖంగు విన్నాకే పక్కదానికి జరిగింది.

మూడో రోజు మధ్యాహ్నం కోడలు మంచినీళ్లు తెచ్చి, పక్కనే కూచుంది. మూడు రోజులుగా ఈ చెరువు దగ్గర ఏం చెప్పాలో తోచక నీళ్లు నములుతోంది.

"అత్తయ్యా, రేపట్నుంచి నీ గురించి నేనేం చెప్పాలి?"

"జరిగింది చెప్పు."

"నువ్వు చేసిన దొంగపని కూడానా?"

"అదే ముందు చెప్పు. లేకపోతే ఈ కటకటాలు ఇక్కడెందుకున్నాయని అడుగుతారు." చెంబు ఎత్తి తాగి, మూతి తుడుచుకుంది. "కాస్త పొట్టిగా చెప్పు. నువ్వు మొదలుపెడితే చెరువు ఎండిపోతుంది."

కోడలు నవ్వాపుకోలేక చెంబు లాక్కుంది.

సాయంత్రం ఇంజనీరు వచ్చాడు. టేపు తీయలేదు. కమ్మీ కమ్మీకీ ఆగి, రెండు చేతులతో పట్టుకుని, ఒంటి బరువంతా వేసి ఊపాడు. పదకొండోది కూడా కదల్లేదు. అతను కాగితం మీద సంతకం పెడుతుంటే ఉలత్త ఉలి కొనకి అంటిన పొడి కొంగుతో తుడిచి, సంచిలో పెట్టి, మూతి ముడి వేసింది.

"ఇవిగో నీ కటకటాలు, తీసుకో నాయనా," అంది. "అయిపోయింది."