వీధికి వీపు పెట్టిన అమ్మవారు

తప్పు నాదే, అమ్మవారిది కాదు. మలేసియాలోని బాగన్ దాతుక్‌లో బట్టల కొట్టు పెట్టిన కొత్తలో, పక్కనే క్షౌరశాల నడిపే సింహాచలం మామ థాయిలాండ్ నుంచి నాంగ్ క్వాక్ బొమ్మ తెచ్చిచ్చాడు. చెయ్యెత్తి కూర్చున్న ఆ వ్యాపార దేవత మన లక్ష్మీదేవిలా దీవిస్తోందనుకుని, గల్లాపెట్టె వైపు తిప్పి పెట్టాను. మూడు నెలలు బేరం లేదు. ఇక కొట్టు మూసేద్దామనుకుంటుంటే మామ లోపలికొచ్చి చూశాడు.

"ఏటల్లుడా! ఆ తల్లి సెయ్యెత్తింది జనాన్ని పిలవడానికిరా. వీధికి వీపెట్టి కూకోబెట్టినావు, నిన్నే పిలుస్తోంది లా!" అన్నాడు, మలేసియా వాళ్లలా చివర "లా" తగిలించి.

గడ్డానికొచ్చినవాళ్లు సబ్బు నురగ మొహాలతోనే వచ్చి నవ్వారు. సిగ్గుపడుతూ అమ్మవారిని వీధి వైపు తిప్పాను.

మర్నాడు మొదట గుమ్మమెక్కింది మామే.

"ఊరికే సూద్దామని వచ్చినాను."

"అమ్మ పిలిస్తే ఒట్టి సేతుల్తో ఎల్తావేటి మామా?" అంటూ, ఎవరూ కొనని చిలకపచ్చ బాతిక్ అద్దకం చొక్కా అంటగట్టాను. పాపం, బతికున్నన్నాళ్లూ ప్రతి పండక్కీ అదే తొడిగాడు.