పొయ్యిలో చెప్పులు

పెండిల్ హిల్‌లో మేం అద్దెకున్న పాత ఇంటి హాల్లో, గోడకి ఇటుకలతో కట్టిన పెద్ద గూడొకటి ఉండేది. అదేమిటో కనుక్కునే ఓపిక ఎవరికుంది? చెప్పులు సర్దేశాం. కంప్యూటర్ల వైటూకే గడువు తరుముకొస్తున్న ఏడాది అది. మా ఆయన పొద్దున్నే పారమట్టా ఆఫీసుకి వెళ్తే రాత్రికే రావడం.

నాకు ఎనిమిదో నెల. అమ్మ లేనిదాన్ని కనక పురిటికి తెనాలి నుంచి అత్తయ్యే వచ్చారు. వచ్చింది జూలైలో, ఆ దేశంలో అది నడి చలికాలం. స్వెట్టరు మీద స్వెట్టరు, దాని మీద శాలువా. అయినా వణుకే.

"మీ ఇంట్లో నేనుండలేనురా బాబూ, టికెట్ ముందుకి మార్పించు" అని కొడుకుతో రోజూ ఒకటే పోరు. ఆవిడ వెళ్ళిపోతే నా కాన్పుకి దిక్కెవరు?

ఒక మధ్యాహ్నం ఆవిడ చెప్పుల కోసం వంగి, గూట్లో వేలితో రాసి చూశారు. వేలు నల్లగా అయింది.

"ఒసే, ఇది మసే! ఇది పొయ్యే! పొయ్యిలో చెప్పులు పెడతారుటే, రామ రామ! ఇంతకీ ఈ ఇంట్లో చేరినప్పుడు పాలెక్కడ పొంగించారు?"

"కరెంటు స్టవ్ మీదండీ."

"నిప్పే లేకుండానా!"

ఇంక ఆవిడ ఆగుతారా? గూడు కడిగి, పసుపు రాసి, ముగ్గేశారు. పక్కింట్లోనే ఉండే మా ఇంటావిడ, అడగ్గానే నవ్వుతూ కట్టెలిచ్చింది. అత్తయ్య ఇటుకల మీద పాలగిన్నె పెట్టి అగ్గి రాజేశారు.

అంతే! హాలంతా పొగ. అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది. ఇంటావిడ పరుగెత్తుకొచ్చి, "ఫస్ట్ ఓపెన్ దిస్, లవ్!" అంటూ ఇనప కడ్డీతో లోపలున్న రేకు మూత లాగింది. పొగ సర్రున పైకి లేచింది.

"ఎటు పోతోందే అది?" అంటూ అత్తయ్య చలి మాటే మరిచి, శాలువా అక్కడే పడేసి పెరట్లోకి పరుగు.

"ఏమే, మనింటి మీంచి పొగొస్తోందే!"

అన్నాళ్ళూ మీ ఇల్లు, మీ ఇల్లు అన్న మనిషి!

పాలు పొంగాయి. ఆవిడ ఆఫీసుకి ఫోన్ చేసి, "టికెట్ జోలికెళ్ళకురా, పిల్ల నీళ్ళాడాకే నా ప్రయాణం" అని పెట్టేశారు. తర్వాత ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మెత్తటి కుర్చీని నిప్పు పక్కకి లాగారు. తనకే కాబోలు అనుకున్నాను. నన్ను కూర్చోబెట్టి, తను కింద చాప వేసుకున్నారు.

"నడుముకి కాస్త సెగ తగలనీ."

అమ్మ గుర్తొచ్చింది. ఏడుపు ఆగలేదు.

"ఎందుకే ఆ ఏడుపు?"

"పొగండీ అత్తయ్యా."

ఆవిడ కొంగుతో నా మొహం తుడిచారు. "నాకు చెప్తావుటే! పొగంతా పైకి పోయింది. నేను చూసొచ్చానుగా."