ట్రాక్టరు లైట్లు, నా చేతి దెబ్బ

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని ఊళ్లో అంటారు. అబద్ధం. అది నా కుడి చేతిలో ఉంటుంది. ఆ చెయ్యి ఒక చలికాలం పొద్దున మా బామ్మర్ది ఎడమ చెవి మీద పడింది. ఆ చెవి సంగతే ఇది.

బామ్మర్ది అంటే నా భార్య తమ్ముడు. బోధన్ రోడ్డు పక్కన చిన్న రేకుల షెడ్డులో ట్రాక్టర్ల వైరింగు పని చేస్తాడు. మా ట్రాక్టరు వయసులో వాడికంటే పెద్దది. బ్యాటరీకి కరెంటు నింపే దాని పాత డైనమో అలసిపోయిందని, వినాయక చవితికి ముందు అది పీకేసి ఆల్టర్నేటరు బిగించాడు. వైర్లన్నీ కొత్తవి వేశాడు. ఆ సాయంత్రం లైట్లు వేస్తే పసుపు చేను అవతలి గట్టు దాకా కనబడింది. "ఇగ గుడ్డోడు గూడ నడుపుతడు బావ నీ బండి" అని నవ్వాడు.

చెరకు నరకడం మొదలయ్యేదాకా నాకు లైట్లతో పని పడలేదు. మొదటి మంచు పొద్దున స్విచ్చి వేస్తే రెండూ ఎర్రగా, ఆరిపోయే దీపాల్లా వెలిగాయి. బ్యాటరీలో నీళ్లు పోశాను. బల్బులు మార్చాను. ఇంజను ఎంత రేసు చేసినా అదే మసక. కుదురుగా ఉన్న డైనమోను పీకి బండిని ఆగం చేశాడని వాడిని తిట్టుకున్నాను. పీకమన్నది నేనే, అది వేరే సంగతి. ఫోను చేస్తే, "తోల్కరా బావ, సూస్త. అప్పటిదాక పొద్దెక్కినంకనే నడుపు" అన్నాడు. వింటానా? నరికిన చెరకు చేన్లో ఎండుతుంటే పొద్దు కోసం కూర్చుంటానా?

మర్నాడు తెల్లారుతుండగా ట్రాలీ నిండా చెరకుతో బయలుదేరాను. పుట్టింటికి పోదామని నా భార్య మడ్‌గార్డు మీది సీట్లో కూర్చుంది. మంచు గోడలా ఉంది. ఆ మంచులోంచి పాల క్యాన్లు కట్టిన మోపెడు ఒక్కసారిగా నా ముందు చక్రం దగ్గర తేలింది. బ్రేకు మీద నిలబడ్డాను. వెనక నుంచి చెరకు బరువు తోసింది. మోపెడు పక్కకు పడింది, క్యాన్లు దొర్లాయి, రోడ్డంతా పాలు. పాలాయన మోకాలు చీరుకుపోయి నెత్తురు కారుతుంటే లేచి వచ్చి, నన్ను కాలరు పట్టి కిందికి లాగాడు.

"కండ్లు నెత్తికెక్కినయార? లైట్లు లేని బండి రోడ్డు మీదికెందుకు తెచ్చినవ్ర?" అని ఈ చెంపా ఆ చెంపా వాయించాడు. టీ కొట్టు ముందు జనం చూశారు. తప్పు నాదే. చేతులు కట్టుకొని నిలబడి తిన్నాను. ఆ దెబ్బలు ఒంట్లోకి దిగి, అక్కడే ఉడుకుతూ కూర్చున్నాయి.

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, నేరుగా బామ్మర్ది షెడ్డుకు తోలాను. దిగుతూనే మొదలుపెట్టాను. "ఏం వైరింగుర నీది? మనుషులను సంపెటట్టున్నవ్!" వాడు నా వాచిన మొహం చూశాడు, అక్క మొహం చూశాడు, లైటు దగ్గర కూర్చున్నాడు. వైరుకు టెస్టు బల్బు పెట్టి చూశాడు.

"కరెంటు నిండ వస్తున్నది బావ. నేనిచ్చిన్నాడు మంచిగనే ఉండె గద. మధ్యల ఏమన్న జేసినవా?"

"ఏం జెయ్యలే."

"యాదికి తెచ్చుకో. ఏమన్న ఇప్పినవా?"

"ఏం జెయ్యలేదంటున్న గదరా!"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది గద బావ నీ కథ" అన్నాడు నవ్వుతూ. బావను బామ్మర్ది అలా అనకపోతే ఇంకెవరంటారు? పెళ్లయిన నాటి నుంచీ అంటూనే ఉన్నాడు.

కొట్టాను. అరచేయి విప్పి, భుజం బలమంతా పెట్టి కొట్టాను. వాడు పోయి ట్రాక్టరు టైరుకు గుద్దుకొని పడ్డాడు. అంతటితో ఆగానా? జాకీ రాడ్డు ఎత్తాను. నా భార్య రెండు చేతులతో రాడ్డు పట్టుకొని వేలాడింది.

"ఆ పాలాయన కొడ్తే చేతులు కట్టుకున్నవ్. నా తమ్ముని మీదికి లేసిందా నీ చెయ్యి? వాడు తిరిగి కొట్టడనే గద!"

నా చేతిలోంచి రాడ్డు జారింది.

బామ్మర్ది చెవి మీద చెయ్యి పెట్టుకొని లేచాడు. నా వంక చూడలేదు. ఒక వైరు ముక్క తీసుకొని ఒక కొస బ్యాటరీ మైనసుకు, రెండో కొస లైటు డొప్పకు ఆనించాడు. లైటు భగ్గుమంది. తర్వాత ఆ లైటు బోల్టు విప్పి, స్టాండు మీద స్క్రూడ్రైవరుతో గీకాడు. ఎర్రటి పెచ్చులు లేచాయి.

"రంగు బావ. ఎర్తు బాడీ నుంచి రావాలె. నువ్వు నడుమ రంగు పూసినవ్. రంగుల నుంచి కరెంటు పోదు."

దసరాకు పూసింది. ఆ రోజు ఇనుమును మొక్కుతాం. పాత రంగుతో ఉన్న బండిని మొక్కడానికి నాకు మనసొప్పదు. లైట్లు విప్పి, స్టాండ్లకు, బోల్టు రంధ్రాల లోపలికి కూడా మూడు పూతలు పట్టించి మళ్లీ బిగించాను. వాడు రెండుసార్లు అడిగినా అది గుర్తు రాలేదు. పూజ కోసం చేసింది బండికి చేసిన పనిలోకి వస్తుందని నా బుర్రకు తట్టలేదు.

వాడు రెండు స్టాండ్లూ ఇనుము తేలేదాకా గీకి, లైట్లు బిగించాడు. అప్పటికి చెవిలోంచి నెత్తురు సన్నగా మెడ మీదికి దిగుతోంది. నిజామాబాద్‌లో డాక్టరు చూసి, లోపలి పొర చిరిగిందని, దానంతటదే మూసుకోవచ్చని, మూసుకోకపోనూవచ్చని చెప్పాడట. ఈ మాట నా భార్య ఫోనులో చెప్పింది. నన్ను వెంట రానివ్వలేదు. పదకొండు రోజులు పుట్టింట్లోనే ఉంది. పసుపు తవ్వకానికి వచ్చింది, నాకోసం కాదు. నేను రోజూ వాడి షెడ్డు ముందు నుంచే పోయేవాణ్ని. చెవి ఎలా ఉందని అడగాలని ఉండేది. సిగ్గుతో చచ్చి, బండి ఆపకుండా పోయేవాణ్ని.

మూడు నెలలకు, పసుపు ఉడకబెట్టే రోజుల్లో, ఆల్టర్నేటరు గరగరమనడం మొదలుపెట్టింది. ఇంకొకరి దగ్గరికి పోవచ్చు. వాడి దగ్గరికే పోయాను. రావద్దనలేదు. ఇంజను స్టార్టు చేయమని సైగ చేశాడు. మునుపు ఎటు నిలబడ్డా మోతను బట్టే లోపం పట్టేవాడు. ఆ రోజు మెడ పూర్తిగా తిప్పి, కుడి చెవిని ఇంజను వైపు పెట్టాడు. "బేరింగు పోయింది బావ" అని, ఇంజను ఆపించి బోల్టులు విప్పసాగాడు.

నేను పక్కన నిలబడి, ఇన్నాళ్లూ గొంతులో ఉన్నది బయటికి తెచ్చాను. "తప్పయిందిర తమ్మీ. నన్ను గూడ ఒక్కటి కొట్టు."

వాడు తల ఎత్తలేదు. నేను నిలబడింది వాడి ఎడమ పక్కన.

కాసేపటికి చెయ్యి చాపి, "పదమూడు నంబరు పానా ఇయ్యి బావ" అన్నాడు. కుడి పక్కకు వెళ్లి ఆ మాట మళ్లీ అనడానికి నాకు నోరు రాలేదు. పానా తీసి ఇచ్చాను.