పుప్పాలగూడకు ఒక ఖాళీ కుండీ

పుప్పాలగూడ పేరు నేను మొదటిసారి విన్నది డెబ్భైల మొదట్లో, ఒక డిసెంబరు నెలలో. పక్కింటావిడ మొక్కను చంపేశానన్న భయంతో అక్కడికి వెళ్ళాను. మెహదీపట్నంలో మా పక్క వాటాలో సుశీలక్క ఉండేది. మేము తెనాలి నుంచి వచ్చినవాళ్ళం. మీ ఆంధ్రా, మా తెలంగాణ అంటూ మనుషులు ఒకరినొకరు అనుమానంగా చూసుకునే రోజులవి. ఆ వీధిలో నాతో మొదట మాట కలిపింది ఆమే. సుశీలక్క తన కూతురి కాన్పుకని కరీంనగర్ వెళుతూ ఒక కుండీ తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో పెద్ద తమలపాకుల్లాంటి ఆకులు, తెలుపు మీద ఎర్రటి ఈనెలు, చుట్టూ పచ్చటి అంచు. "మా అమ్మ పెంచిన మొక్క చెల్లె. మొన్న ఎండాకాలంల అమ్మ పోయినంక తెచ్చుకున్న. జర పైలంగ చూస్కో" అంది. మొక్క పేరేమిటో ఆమెకూ తెలియదు.

నెల తిరిగేసరికి ఆకులు పసుపెక్కి ఒక్కొక్కటే వాలిపోయాయి. నేను అసలే కంగారు మనిషిని. దాహమేసిందేమోనని రెండు పూటలా నీళ్ళు పోశాను. ఉన్న రెండాకులూ పోయి కుండీలో మట్టి మాత్రం మిగిలింది. "అలాంటిదే ఇంకోటి కొని పెట్టెయ్యరాదూ" అన్నారు మావారు. "వాళ్ళమ్మ పెంచిన మొక్క ఏ బజారులో దొరుకుతుందండీ?" అని మండిపడ్డాను. ఆదివారం వస్తున్నానని ఆమె ఉత్తరం రానే వచ్చింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. రోజూ పూలు తెచ్చే ఆమె నా మొహం చూసి, పుప్పాలగూడలో మల్లయ్య అని ఒక ముసలి మాలి ఉన్నాడని, నవాబుల తోటల్లో పనిచేసినవాడని చెప్పింది.

గురువారం పొద్దున ఎనిమిదింటికి కుండీని పాత చీరలో మూటగట్టి పటాన్‌చెరు వైపు వెళ్ళే బస్సెక్కాను. టికెట్ అర్ధరూపాయి లోపే. టోలిచౌకి దాటాక ఇళ్ళు పల్చబడ్డాయి, షేక్‌పేట దాటాక బండరాళ్ళే. ఇప్పుడు మెట్రో ఆగే రాయదుర్గంలో అప్పుడు నేనొక్కదాన్నే దిగాను. అక్కడి నుంచి ఖాజాగూడ మీదుగా నాలుగు మైళ్ళు నడవాలట. అదృష్టం బాగుండి వెనకే గడ్డి వేసుకున్న ఎడ్లబండి వచ్చింది.

"ఏడికి పోవాలమ్మా?" అన్నాడు బండతను. చెప్పాను. మూట వైపు చూసి, "అండ్ల ఏమున్నది?" అన్నాడు.

"మట్టండీ."

"మట్టి పట్కొని పుప్పాలగూడకు పోతున్నవా? ఆడ గూడ మట్టే ఉంటది గదా" అని నవ్వి, ఎక్కమని జరిగాడు. నాకూ నవ్వొచ్చింది, మూడు రోజుల్లో మొదటిసారి. కిరాయి ఇవ్వబోతే వద్దన్నాడు. పదిన్నరకల్లా ఊళ్ళో దింపాడు.

మల్లయ్య ఇంటి ముందు క్రోటన్లు, మనీప్లాంటు తీగలు, పేర్లు తెలియని ఇంకా ఎన్నో మొక్కలు ఉన్నాయి. ఆయన కుండీలో వేలు పెట్టి చూసి మొహం చిట్లించాడు. "ఎన్ని నీళ్ళు పోసినవ్ బిడ్డా?"

"రెండు పూటలా పోశానండీ."

"పండుకున్నదాన్ని లేపి లేపి నీళ్ళు తాగిపిస్తే అదేం జేస్తది?"

మట్టిని గోనెసంచి మీద బోర్లించి ఒక దుంప బయటికి తీశాడు. అచ్చం చేమగడ్డలా ఉంది. "గిది రంగుల చేమ. దొరల బంగ్లల్ల కెలాడియం అంటుండ్రి. తిననీకి కాదు, నోరంత దురద లేస్తది. చలికి ఆకు రాల్చి మట్టిల పండుకుంటది. వానలు పడంగనే మల్ల బయటికి ఎల్తది."

"అయితే చావలేదా అండీ?" అన్నాను.

దుంపను నా చేతిలో పెట్టాడు. "ఒత్తి చూడు. గట్టిగుంటే ఉన్నట్టు." ఒక పక్క మెత్తగా కుళ్ళింది. మిగతా మూడొంతులూ రాయిలా గట్టిగా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే అరుగు మీద కూలబడి ఏడ్చేశాను. "ఇగ ఫికర్ జెయ్యకు" అని ఆయన కుళ్ళిన ముక్క కోసేసి, కోసినచోట బూడిద రుద్ది, పొడి ఇసుకలో దుంపను పూడ్చి ఇచ్చాడు. వానల దాకా చుక్క నీళ్ళు పోయవద్దన్నాడు. వాళ్ళింట్లో జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు పెట్టారు. అంత రుచిగా తిన్న రోజు నాకు ఇంకోటి గుర్తులేదు. సాయంత్రం నాలుగున్నరకు ఇల్లు చేరాను.

ఆదివారం సుశీలక్క వచ్చి ఇసుక కుండీ చూసింది. దాచకుండా అంతా చెప్పాను, నీళ్ళు పోసిన సంగతితో సహా. ఆమె చెయ్యి పట్టుకుని ఇసుకలో పెట్టించాను. దుంప తగిలినట్టుంది, నెమ్మదిగా ఒత్తింది. చాలాసేపు చెయ్యి తీయలేదు.

"ఏటా చలికాలం అమ్మ ఒక ఉత్త కుండ మంచం కింద పెడ్తుండె" అంది. "అప్పుడప్పుడు అండ్ల చెయ్యి పెట్టి చూస్తుండె. ఎందుకని నేనెన్నడు అడగలె."

ఇప్పుడు పుప్పాలగూడలో ఎటు చూసినా అపార్ట్‌మెంట్లే. వాటి బాల్కనీల్లో ఆ ఎర్ర ఈనెల ఆకులు కనిపించినప్పుడల్లా, ఆ రోజు మల్లయ్య అరుగు మీద కూలబడి ఏడ్చింది గుర్తొస్తుంది. మీరు నర్సరీలు చూడటానికి అటు వెళితే మొక్క ఫోటో కాదు, కుండీనే వెంట తీసుకెళ్ళండి. ఆకు లేకపోయినా సరే, పారబోసే ముందు మట్టిలో చెయ్యి పెట్టి ఒకసారి ఒత్తి చూడండి.