వలీమా రోజున ఉడికిన ఎస్ఎస్‌డీ

నిండు వలీమా విందులో ఖాళీ తెర పెట్టి, పెళ్ళికొడుకు నానమ్మను ఏడిపించబోయిన ఘనుణ్ణి నేను. అదీ నిర్లక్ష్యం వల్ల కాదు, అతి జాగ్రత్త వల్ల. మీరు హాయిగా నవ్వుకోవచ్చు. మా అవ్వ తప్ప తెలిసినవాళ్ళంతా ఇప్పటికే నవ్వేశారు.

అప్పట్లో కరీంనగర్ బస్టాండు వెనక నాకు ఒక చిన్న వీడియో ఎడిటింగ్ గది ఉండేది. నా దోస్తు ఇమ్రాన్ వాళ్ళన్న పెళ్ళి వీడియో నాకే అప్పగించారు. వాళ్ళ దాదీ, అంటే నానమ్మ, ఆదిలాబాద్‌లో ఉంటుంది. మోకాలి ఆపరేషనై ఆస్పత్రిలో ఉండటంతో నిఖా చూడలేకపోయింది. నిఖా తర్వాత పెళ్ళికొడుకు ఇంటివాళ్ళిచ్చే వలీమాకు మాత్రం కుర్చీలో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చారు. వస్తూనే ఆమె ఒక షరతు పెట్టింది.

"నా మన్మని నిఖా తెర మీద సూపియ్యున్రి. గది సూసినంకనే తింట."

దాదీ ముద్ద ముట్టందే ఆ ఇంట్లో ఎవరూ ముట్టరు. అంటే ఆ సాయంత్రం ఫంక్షన్ హాల్లో బిర్యానీ గిన్నెల మూతలు లేవాలంటే నా కంప్యూటర్ దయ తలచాలన్నమాట.

కంప్యూటరేమో దయ తలచే స్థితిలో లేదు. అందులో వీడియోలన్నీ దాచే ఎస్ఎస్‌డీ అని ఒక చిన్న పలక ఉంటుంది. పెద్ద పని పడితే అది వేడెక్కుతుంది. మరీ వేడెక్కితే తన ప్రాణం కాపాడుకోవడానికి పని నెమ్మదిస్తుంది. మే నెల కరీంనగర్‌లో మనుషులే నెమ్మదిస్తారు, దాన్నేం అంటాం?

దానికి మందు నాకు తెలుసు. హీట్‌సింక్ అనే అల్యూమినియం ముక్కను ముందు రోజే తెచ్చి బిగించాను. ఎస్ఎస్‌డీ మీద ఒక మెత్తటి ప్యాడ్, దాని మీద ఈ ముక్క. ప్యాడ్ వేడిని పీల్చి అల్యూమినియానికి అందిస్తుంది, అది గాలికి వదిలేస్తుంది. ఎలా బిగించాలో ఫోన్లో వీడియో కూడా చూశాను. కాకపోతే మనకు తెలిసిన విద్యే కదా అని మధ్యలో దాటేస్తూ చూశాను.

మధ్యాహ్నం ఇమ్రాన్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వీడియో ఎంత తయారైందో చూపే పచ్చ గీత తెర మీద సగం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఏమాయెరా, కదుల్తలే?"

"ఎస్ఎస్‌డీ వేడెక్కింది. ఫికర్ జెయ్యకు."

"నిన్ననే ఏందో బిగించిన, ఇగ మంచు గడ్డనే అంటివి గదరా!"

"బిగించిన. అయినా కాలిపోతుంది. నాకూ సమజైతలేదు."

కంప్యూటర్ పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాన్ పెట్టాను. ఫ్యాను గదిలోని వేడినంతా పోగుచేసి లోపలికి కొట్టింది. ఇమ్రాన్ వాళ్ళది గ్రానైట్ వ్యాపారం. వాడికి గ్రానైటే సర్వరోగ నివారిణి. బండి మీద పోయి ఒక పలక తెచ్చాడు.

"దీని మీద పెట్టు యార్. మా ఇంట్ల ఎండకాలం దీని మీదనే పంటం, సల్లగుంటది."

కంప్యూటర్ను పలక మీదికి ఎక్కించాం. అది బరువు మోసే శ్రమ మాకు మిగిల్చి, ఎప్పటిలాగే ఉడుకుతూ ఉంది. ఆ తర్వాత నేను చేసింది కంప్యూటర్ చదివిన ఎవరికీ చెప్పకండి. నీళ్ళ కూలర్ను లాగి దాని ముందు పెట్టాను. రెండు నిమిషాల్లో నీటి తుంపరలు మదర్‌బోర్డు అంచు దాకా వచ్చాయి.

"అరే బంద్ జెయ్‌రా! పెండ్లి వీడియో మొత్తం కొట్టుకపోతది!" అని ఇమ్రాన్ కూలర్ స్విచ్ మీద పడ్డాడు. "ఆడ దాదీ పొద్దటి సంది చాయ తప్ప ఏం ముట్టలే. ఆమెకేమన్నయితే అన్న నన్ను ఇడువడు. నేను నిన్ను ఇడువ."

అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఆపరేషన్ చేయించుకున్న ముసలామె నా మూలంగా పస్తుంటోంది. కుర్చీలో కూలబడ్డాను.

సరిగ్గా అప్పుడే అవ్వ టిఫిన్ డబ్బాతో వచ్చింది. తెరిచి ఉన్న కంప్యూటర్లోకి తొంగి చూసి ముఖం వెలిగిపోయేలా నవ్వింది.

"గా సామాన్ మీది నీలం కవర్ పీకలే గదా? మంచి పని జేసినవ్ బిడ్డా. గట్లనే ఉండనియ్యి, కొత్తగుంటది."

ఇమ్రాన్ నా వైపు చూశాడు. నేను కంప్యూటర్ వైపు చూశాను. అల్యూమినియం కింద ప్యాడ్, ప్యాడ్ కింద నీలం పొర. వేడి బయటికి రాకుండా నేనే తలుపు మూశాను.

మా ఇంటి ఆచారం మీకు చెప్పాలి. కొన్న వస్తువు మీది ప్లాస్టిక్ పొర పీకడం మా ఇంట్లో పాపం. టీవీ రిమోట్ కవర్లోనే ముసలిదైంది. ఫ్రిజ్ తలుపు మీది పొర అంచు లేస్తే అవ్వ టేపు వేసింది. ఆ ఇంట్లో పెరిగిన చేతులివి. ప్యాడ్ బిగించేటప్పుడు ఆ పొరను నేను చూశాను. చూసి కూడా, గీతలు పడకుండా ఉంటుందిలే అని సంతోషంగా స్క్రూలు బిగించాను.

కంప్యూటర్ ఆపి, హీట్‌సింక్ విప్పి, పొరను చర్రున పీకాను. "అయ్యో, పాడు జేస్తివి గదరా!" అని అవ్వ అరిచింది. మళ్ళీ బిగించి స్విచ్ నొక్కితే పచ్చ గీత ఆగకుండా పరుగెత్తింది.

హాలుకు చేరేసరికి అందరూ భోజనాలకు పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ ముందు కూర్చుని నన్నే చూస్తున్నారు, నన్నే వండుకు తినేలా. వీడియో మొదలైంది. మనవడు "ఖబూల్ హై" అని పెళ్ళికి ఒప్పుకోగానే దాదీ కుర్చీలోనే రెండు చేతులూ పైకెత్తి దువా చేసింది. ఒక్క పొర ఇదంతా ఆమెకు దక్కకుండా చేసేదే కదా అనిపించింది.

ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఆమె నన్ను పిలిచింది.

"ఏం బేటా, ఇంత లేటెందుకైంది?"

దాచలేదు. ప్యాడ్, పొర, పీకడం, అన్నీ చెప్పేశాను. దాదీ తినడం ఆపి నన్ను జాలిగా చూసింది.

"పీకినవా? ఎంత పని జేస్తివి బేటా! కొత్త సామాన్ గద, జర ఓపిక పట్టకపోయినవా? నేను రేపు తిందును."

కాబట్టి చదువరులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఎస్ఎస్‌డీకి హీట్‌సింక్ బిగించినా ముందు పొర పీకుతాను. తలుపు గడియ పెట్టుకుని, చుట్టుపక్కల పెద్దవాళ్ళెవరూ లేరని రూఢి చేసుకున్నాకే పీకుతాను.