మల్కాపురానికి మూడు వేల పుస్తకాలు

మొన్న ఫిబ్రవరిలో మూడు వేల పుస్తకాలు భుజాన వేసుకుని రాజమండ్రి నుంచి విశాఖపట్నం వెళ్లొచ్చాను. డెబ్బై రెండేళ్ల వయసులో అంత బరువు ఎలా మోశావని అడక్కండి. అన్నీ ఒక్క ఈ-రీడరులో ఉన్నాయి. అరచేతికన్నా కాస్త పెద్దది, అప్పడంకన్నా కాస్త మందం. ఆసియా, ఆఫ్రికా తిరిగొచ్చిన యంత్రం.

ఇక్కడ కొంచెం సర్దుకోవాలి. మూడు వేలు కాదు, నలభై ఒకటి. ఆఫ్రికా కూడా లేదు. మా పక్కింటి బ్యాంకాయన దాన్ని ఒకసారి శ్రీలంక పట్టుకెళ్లి, హోటలు గదిలో తెరవకుండానే తిరిగి తెచ్చుకున్నాడు. పెద్ద ఫోను కొన్నాక దీన్ని నాకిచ్చేశాడు.

ప్రయాణానికి కారణం మల్కాపురం నుంచి నూకరత్నం చేసిన ఫోను. ఆవిడ మా అప్పలరాజు భార్య. అప్పలరాజూ నేనూ పోర్టులో పాతికేళ్లు కలిసి పనిచేశాం. అతను పైన క్రేను నడిపేవాడు, నేను కింద నిలబడి దిగిన బస్తాలు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. వాళ్లది సముద్రంలో వేటకెళ్లే కుటుంబం, మాది గోదావరి ఒడ్డు. అయినా మొదటి వారానికే బావా అంటే బావా అనుకున్నాం. ఆ వరసన నూకరత్నం నాకు చెల్లెలు.

"అన్నయ్యా, మీ బావ పుస్తకం సేత్తో పట్టుకుని కూకుంటన్నాడు. పేజీ మాత్రం తిరగట్లేదు," అంది.

కంటి వెనక పొర పాడైందట. ఎటు చూస్తే అటు నడిమధ్య మసక, చుట్టూ మాత్రం కనిపిస్తుందట. అద్దాలు మార్చి లాభం లేదనీ, అక్షరాలు బాగా పెద్దవైతే పక్కచూపుతో పట్టుకోవచ్చనీ డాక్టరు చెప్పాడట. అప్పలరాజుకి ఒక పూట అన్నం లేకపోయినా గడుస్తుంది, నవల లేకపోతే గడవదు.

"నా దగ్గర మూడు వేల తెలుగు పుస్తకాలున్న యంత్రం ఉందమ్మా. అక్షరాన్ని గుమ్మడికాయంత చెయ్యొచ్చు. ఎల్లుండి పట్టుకొస్తున్నాను," అని ప్రకటించాను. ఆవిడ ఫోను పెట్టకుండానే ఆ సంగతి మా బావకి కేకేసి చెప్పింది. యంత్రంలో తెలుగు పుస్తకాలు మూడే ఉన్నాయని ఫోను పెట్టేశాక చూసుకున్నాను.

బయల్దేరే ముందు పద్ధతిగా పరిశోధన కూడా చేశాను. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఈ-రీడరు వాడేవాళ్ల కోసం ఒక విదేశీ యాత్రికుడు ఇంటర్నెట్‌లో సలహాలు రాశాడు. ఇంగ్లీషులోనే చదివానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, ఫోనే తెలుగు చేసి పెట్టింది. పదిమందిలో బయటికి తీయొద్దు, దొంగలు చూస్తారు. దుమ్ము తగలనివ్వొద్దు. కరెంటు ఉన్నప్పుడే ఛార్జింగు పెట్టుకో. స్థానికులతో స్నేహంగా ఉండు. ఆ దేశం మాదేననీ, ఆ స్థానికుణ్ణి నేనేననీ అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అప్పట్నుంచీ నాతో నేను స్నేహంగా ఉండటానికి ప్రయత్నిస్తున్నాను.

ఉదయం ఆరూ నలభైకి రావాల్సిన బండి ఏడూ ఐదుకి వచ్చింది. కిటికీ పక్క సీటు. దొంగలు పసిగట్టకుండా యంత్రాన్ని పూతరేకుల డబ్బాలో పెట్టాను. మా వైపు దొంగ ముందుగా ఎత్తుకెళ్లేది పూతరేకులేనని సామర్లకోట దాటాక తట్టి, బయటికి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఎదురుగా జేబులో మూడు పెన్నులున్న పెద్దమనిషి కూర్చున్నాడు.

"ఇందులో సినిమాలొస్తాయాండి?" అన్నాడు.

"రావండి."

"పాటలు?"

"రావు."

"పోనీ రంగులు?"

"నలుపూ తెలుపేనండి. చదువుకోవడానికి."

"అంతేనా?" అని కాసేపు జాలిగా చూశాడు. "పోనీలెండి. ఊరికే వచ్చిందేమో కదా," అన్నాడు. ఎలా కనిపెట్టాడో నాకిప్పటికీ తెలీదు.

తునిలో బండి ఆగింది. యంత్రాన్ని సీటు మీదే వదిలి టీకి దిగాను. అయిదు నిమిషాల తరవాత వస్తే, దొంగలెవరూ దాన్ని ముట్టుకోలేదు. పక్కసీటావిడ దాని మీద ఇడ్లీ పొట్లం విప్పుకుని తింటోంది.

"అట్టముక్క అనుకున్నానండి. వేడికి ఒళ్లు కాలుతుందనీ," అని చీరకొంగుతో చట్నీ తుడిచి ఇచ్చింది.

నేను దాన్ని మర్చిపోయి దిగలేదు. కావాలనే వదిలాను. పోయి ఉంటే మూడు వేల పుస్తకాలూ పోయాయని అప్పలరాజు దగ్గర ఏడవొచ్చు, మూడే ఉన్నాయని చెప్పే పని తప్పుతుంది. ఈ దేశంలో సమయానికి ఒక దొంగ కూడా దొరకడు.

అనకాపల్లి, దువ్వాడ దాటి విశాఖపట్నం చేరేసరికి పదీ యాభై. స్టేషను బయట సిటీ బస్సు పట్టుకుని, కాన్వెంట్ జంక్షను మీదుగా, ఓడల కొమ్ములు చూసుకుంటూ పదకొండున్నర దాటాక మల్కాపురంలో దిగాను. రిఫైనరీ వాసన ముక్కుకి తగలగానే పాతికేళ్లు వెనక్కి పోయాను. వెంటనే దగ్గొచ్చి ముందుకొచ్చేశాను.

వరండాలో అప్పలరాజు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నా గొంతు విని మొహం తిప్పాడు గానీ చూపు నా చెవి పక్కనుంచి పోయింది. అలా చూస్తేనే మనిషి కనిపిస్తాడట.

"ఏటి బావా, మూడు వేలేటి? లారీ కట్టించావా?" అన్నాడు.

"ముందు భోజనం," అన్నాను.

నూకరత్నం కోనాం చేపల పులుసు పెట్టింది. రెండుసార్లు వడ్డించుకుని ఎంత నెమ్మదిగా తిన్నా, రెండింటికి అయిపోయింది. యంత్రం తెరవక తప్పలేదు.

అక్షరాల సైజు పెంచే బొమ్మ నొక్కాను. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాను. ఉన్న మూడు తెలుగు పుస్తకాలూ పాత పేజీలకి తీసిన ఫొటోలట. అక్షరం ఉన్నంతే ఉంది, చీమంత. రెండు వేళ్లతో సాగదీస్తే తెర ఒకసారి నల్లగా మిటకరించి, వాక్యం నడుము మాత్రం చూపించింది. తల ఊరవతల పెందుర్తిలో ఉంది, కాళ్లు సముద్రంలో ఉన్నాయి. అప్పలరాజు మెడ వంచి, కోడిలా ఒక పక్కనుంచి చూసి, యంత్రాన్ని నా చేతిలో పెట్టేశాడు.

"ఇంగ్లీషైతే గుమ్మడికాయంత అవుతుంది బావా," అన్నాను.

"నాకు ఇంగ్లీషు రాదని నీకు తెలుసు కదేటి," అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది.

"పోనీ, నేను చదివి వినిపిస్తాను. ఉన్నన్ని రోజులూ."

"నువ్వు సదివితే నాను ఇనాలా? అలాగైతే టీవీ ఉంది, అది రోజంతా సదువుతాది. పుస్తకమంటే నోరు మూసుకుని సదూకునేది. నచ్చింది రెండుసార్లు సదవాలి, నచ్చనిది దాటేయాలి. నీ నోటిని నానెలా దాటేత్తాను?" అని లోపలికెళ్లి పడుకున్నాడు.

"ఏడాదిగా మాటే లేదన్నయ్యా. ఇయ్యాల నిన్ను తిట్టాడు. అదే మేలు," అంది నూకరత్నం. ఆవిడ సంతోషం చూస్తే నా తల ఇంకా వంగిపోయింది. మూడు వేలు అబద్ధమని అప్పుడు చెప్పేశాను. "మాకు తెలుసు లే. నువ్వు సెప్పిన దాన్ని నూటితో భాగించుకుంటాడు మీ బావ. అయినా ఒకటి పనిసేత్తాదని ఆశపడ్డాడు," అంది.

రాత్రి వాళ్ల ముందుగదిలో మడతమంచం. మర్నాడు యంత్రం సంగతి తెలిసినవాళ్లనెవరినైనా అడుగుదామని తొమ్మిదిన్నర బస్సుకి మద్దిలపాలెం వెళ్లాను. డిపోకి ఎదురు సందులో డీటీపీ చేసే చిన్న షాపులు చాలా ఉన్నాయి. పెళ్లికార్డులు లేని షాపు కోసం వెతికాను, లేదు. ఒకదాంట్లో శారద అనే నలభయ్యేళ్లావిడ కంప్యూటరు ముందు కూర్చుని ఏకకాలంలో వరుడి పేరు టైపు చేస్తూ, వధువు తండ్రితో ఫోన్లో పోట్లాడుతూ ఉంది. ఈవిడే తగిన మనిషి అనిపించింది.

యంత్రం చూసి, "సార్, ఇవి పుస్తకాలు కాదు, పుస్తకాల ఫొటోలు. ఫొటోని సాగదీస్తే ముక్కు కనపడతాది, మొహం కనపడదు. టైపు సేసింది ఎక్కిస్తేనే అక్షరం పెద్దదవుద్ది," అంది.

"మూడొందల పేజీలు టైపు చేసి పెడతావా అమ్మా?"

"ముహూర్తాలు సార్. మే నెల దాకా నాను అన్నమే టైపు సేసుకుని తింటన్నాను." నా ఫోను లాక్కుని మైకు బొమ్మ చూపించింది. "మీకు నోరుంది కదా. ఇది నొక్కి సదవండి, అదే తెలుగులో టైపు సేత్తాది. తర్వాత దాన్ని ఇందులోకి పంపాలి, ఇలాగ."

నాకు ఒక్కసారికే వచ్చేసింది. అంటే, ఆరుసార్లు చూపించి, చివరికి పెళ్లికార్డు వెనక రాసిచ్చింది. డబ్బు తీసుకోలేదు. "మీ ఫ్రెండు సదివితే ఒక ఫోను సెయ్యండి," అంది.

మధ్యాహ్నం మూడింటికి వరండాలో కొలువు తీరాం. అప్పలరాజు బీరువా అడుగు నుంచి ఒక డిటెక్టివ్ నవల తీశాడు. అట్ట ఎప్పుడో పోయింది, పేజీలు పండు తమలపాకు రంగు దాటి వక్క రంగులోకి వచ్చాయి. దుమ్ము గురించి ఆ విదేశీయుడు చెప్పింది నిజమే. ఈ పేటలో కిటికీ గట్టు పొద్దున్న తుడిస్తే మధ్యాహ్నానికి దాని మీద వేలితో సంతకం చెయ్యొచ్చు. నవల మీద చేశాను కూడా.

ఫోను నోటి ముందు పెట్టుకుని, ఇన్‌స్పెక్టరు బంగళా తలుపు తట్టడం దగ్గర మొదలుపెట్టాను. గంటన్నర చదివాను. అప్పలరాజు వినడం లేదని చూపించడానికి వీధి వైపు తిరిగి కూర్చున్నాడు గానీ, నేను ఒక వాక్యం దాటవేస్తే మాత్రం పట్టుకున్నాడు. శారద కాగితం చూసుకుంటూ పంపితే, పావుగంటకి యంత్రంలోకి వచ్చింది. అక్షరం గుమ్మడికాయ కాదు గానీ మంచి నిమ్మకాయంత చేశాను. తెరకి ఏడెనిమిది మాటలే పట్టాయి.

"మరీ ముక్కలు ముక్కలుగా ఉంది బావా. విసుగేమో," అన్నాను.

"క్రేను గదిలో ఎలా సదివాననుకున్నావ్? కొక్కెం కిందికెల్లి, మీరు బస్తాలు తగిలించేలోగా రెండు లైన్లు. మల్లీ ఎత్తాలి. పాతికేళ్లు అలాగే సదివాను," అన్నాడు. రూలు ప్రకారం తప్పే. అందుకేనేమో, కింద నేను ఎంత అరిచినా పైనుంచి పలికేవాడు కాదు.

మెడ పక్కకి వంచి, ఒక్కో మాటా ఏరుకుంటూ పైకి చదివాడు. "ఇన్‌స్పెక్టర్... తలుపు... తట్టాడు. లోపల... చీకటిగా... ఉంది." బొటనవేలితో పేజీ తిప్పాడు. "ఏటి బావా... అంత... నెమ్మదిగా..."

ఆగిపోయాడు. నేను వంగి తెర చూశాను. ఫోను నేను చదివింది మాత్రమే కాదు, వరండాలో విన్నదల్లా రాసేసింది. కామాలు లేవు, ఫుల్‌స్టాపులు లేవు. ముందుకి తిప్పితే ఇలా ఉంది: శవం సోఫాలో పడి ఉంది అన్నయ్యా టీలో పంచదార ఎంత వేయమంటావ్ అని రక్తపు మరకలను పరిశీలించాడు ఆ లైను వదిలేశావు మల్లీ సదువు.

అప్పలరాజు నవ్వడం మొదలుపెట్టాడు. కుర్చీ కిర్రుమంది. నూకరత్నం వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

"నువ్వు కథలోకొచ్చేశావే. ఇన్‌స్పెక్టరుకి పంచదార అడుగుతన్నావ్," అన్నాడు.

"అడిగితే అడిగాను. హత్య మాత్రం నా మీద రాయకండి అన్నయ్యా," అంది.

"ఆ మాటలన్నీ తీసేసి మళ్లీ పంపుతాను," అన్నాను.

"ఒక్కటి తీసినా ఊరుకోను," అన్నాడు.

తరవాత పైకి చదవడం ఆపేశాడు. పెదాలు మాత్రం కదిలాయి, కాసేపటికి అవీ ఆగాయి. బొటనవేలు తిరుగుతోంది. ఎంతవరకు వచ్చావు బావా అన్నాను. పలకలేదు. క్రేను కింద నిలబడి అరిచిన రోజుల్లోలాగే. నూకరత్నం నా చెయ్యి పట్టుకుని, మాట్లాడొద్దని లోపలికి లాక్కెళ్లింది.

మూడో రోజు మధ్యాహ్నం రెండూ ఇరవై బండికి తిరుగు ప్రయాణం. ఈ-రీడరు మల్కాపురంలో ఉండిపోయింది, నా సంచిలో అట్టలేని నవల ఉంది. నేను చదివి పంపింది నూకరత్నం ఫోను ఇంటర్నెట్‌తో దాంట్లోకి వచ్చేలా పెట్టి వచ్చాను. కొత్త యంత్రం తీసుకెళ్లి పాత పుస్తకం తెచ్చుకున్న తెలివైనవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఈ దారిన వెళ్లబోయే ఈ-రీడరు ప్రయాణికులకు నేను తేల్చింది చెబుతాను: కరెంటుకి లోటు లేదు, దొంగలు పట్టించుకోరు, ఇడ్లీకి బాగా పనికొస్తుంది. తెలుగు మాత్రం ఎవరో ఒకరు నోటితో పొయ్యాలి.

అనకాపల్లి దాటగానే మూడో ప్రకరణం ఫోనులోకి చదవడం మొదలుపెట్టాను. "టీ, కాఫీ," అని ఒకాయన పెట్టెలోకి వచ్చి హతుడి వీలునామాలో చేరిపోయాడు. ఎదురుసీటావిడ అల్లిక ఆపి, ఇంకాస్త గట్టిగా చదవమంది. తుని వచ్చేసరికి చుట్టూ ఆరుగురయ్యారు.

"హంతకుడెవరండీ?" అని అడిగింది ఆవిడ.

ఇలాంటప్పుడు నేను ఠక్కున చెప్పేవాణ్ణి. పోర్టులో అందరికీ నేను గొప్ప పాఠకుణ్ణి. ఒక్కో నవలా పదిసార్లు చదివానని చెప్పుకునేవాణ్ణి. నిజానికి జీవితంలో ఒక్క నవలా పూర్తిగా చదవలేదు. షిఫ్టు దిగాక టీ బడ్డీ దగ్గర అప్పలరాజు కథ చెప్పేవాడు, మర్నాడు అదే నేను ఆఫీసులో నాదిగా చెప్పేవాణ్ణి. ఈ నవల చెప్పాడో లేదో కూడా గుర్తులేదు.

"తెలీదండి. నేనూ మీతోపాటే చదువుతున్నాను," అన్నాను. నాకే కొత్తగా వినిపించింది.

అప్పుడే ఫోను మోగింది.

"ఏటి బావా, అయిపోయింది నాది. తరవాత ముక్క రాలేదేటి?" అన్నాడు అప్పలరాజు.

"తునిలో ఉన్నాను. చదువుతున్నా."

"ఆ గుమస్తా మీద నీకు అనుమానం వచ్చుంటాది. ఎవడో సెప్పీమంటావా?"

"వద్దు బావా, చెప్పకు," అన్నాను.

"సరే, సదువు," అని పెట్టేశాడు.

బండి కదిలింది. ఎదురుసీటావిడ కాస్త ముందుకి జరిగింది. నేను పేజీ తిప్పి, మైకు బొమ్మ నొక్కాను.