ప్లాస్మాకి మూడు నెలలు

రక్తం గురించి మా స్టాఫ్ రూమ్‌లో జరిగినంత తెలివితక్కువ చర్చ విజయవాడ మొత్తంలో ఇంకెక్కడా జరగదని నా నమ్మకం. ఇంజనీరింగ్, మెడికల్ సీట్ల కోసం పిల్లల్ని రుబ్బే కాలేజీ మాది. నేను జువాలజీ చెబుతాను. మాథ్స్ చెప్పే ఆయన చేతికి లావుపాటి బంగారు బ్రాస్‌లెట్ ఉంటుంది గానీ, సూది మాట ఎత్తితే ఆ చెయ్యి జేబులోకి పోతుంది. ఒకసారి రక్తమిస్తే ఏడాదంతా నీరసమేనని ఆయన సిద్ధాంతం. కెమిస్ట్రీ ఆయన తన అభిమాన హీరో పుట్టినరోజున తప్ప రక్తమివ్వడు. ఇచ్చాక మంచం మీద పడుకుని బొటనవేలు చూపిస్తున్న ఫొటోని వారం రోజులు అందరి ముక్కు కిందా పెడతాడు. వీళ్ళకి చిన్నప్పుడు సైన్సు చెప్పిన మహానుభావులెవరో అనుకుంటూ నేను పళ్ళు కొరుక్కునేవాణ్ణి.

నాకు మాత్రం అన్నీ తెలుసు. మా మెటీరియల్‌లో రక్తం పాఠానికి బిట్లు రాసిందే నేను. బిట్ అంటే ఒక ప్రశ్న, నాలుగు జవాబులు, అందులో ఒకటి ఒప్పు. పిల్లవాడు ఆలోచించకూడదు, గుర్తుపెట్టుకోవాలి. ఒకసారి రక్తదానం చేశాక మళ్ళీ ఎప్పుడు చెయ్యొచ్చు? మూడు నెలలకి. పాతికేళ్ళుగా ఎన్ని బ్యాచీల చేత ఇది వల్లెవేయించానో లెక్కలేదు.

మా ల్యాబ్‌లో అటెండర్‌గా పనిచేసే ఆవిడ రోజూ కొండపల్లి నుంచి బస్సులో వస్తుంది. ఆవిడ భర్త బొమ్మలు చెక్కుతాడు. పోయిన వానాకాలంలో ఆయనకి ముందు పాదాలు తిమ్మిరెక్కాయి, నాలుగు రోజుల్లో కాళ్ళు, ఆ తర్వాత చేతులు పడిపోయాయి. అది నరాల జబ్బని, ఒంట్లో ఉన్న ప్లాస్మా తీసేసి వేరేవాళ్ళది ఎక్కించాలని ఆస్పత్రిలో చెప్పారు. ఆయనది ఏబీ గ్రూపు. ఆ గ్రూపు వాళ్ళకి ఏబీ ప్లాస్మాయే కావాలి. బ్లడ్ బ్యాంకులో ఉన్న కాస్తా చాలలేదు.

నాదీ ఏబీయే. ఆవిడ తమ్ముడు ఆటో నడుపుతాడు, అతనిదీ అదే. ఇద్దరం వెళ్ళి పక్కపక్క కుర్చీల్లో కూర్చుని మెషీన్ మీద ప్లాస్మా ఇచ్చాం. నా రక్తం ఒక గొట్టంలోంచి వెళ్ళడం, పసుపుపచ్చటి ప్లాస్మా సంచిలో పడడం, ఎర్రకణాలు తిరిగి నా చేతిలోకే రావడం కళ్ళారా చూశాను. చూశానే గానీ దాని అర్థమేమిటో క్షణమైనా ఆలోచించలేదు. ప్లాస్మాలో ఏమేముంటాయో ఆ తమ్ముడికి పాఠం చెప్పే పనిలో ఉన్నాను. అతను పాపం గంటసేపు తలూపాడు.

మూడు వారాల తర్వాత ఆవిడ స్టాఫ్ రూమ్ గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"సార్, ఆయనకి మళ్ళీ తిరగబెట్టిందండి. వేళ్ళు కదుల్తున్నాయని సంబరపడ్డాం, మళ్ళీ ఆగిపోయినయ్. ఇంకో విడత ప్లాస్మా కావాలంటున్నారు. మీరొక్కసారి వస్తారేమోనని..."

"మనం ఇచ్చి ఎన్నాళ్ళయిందమ్మా?"

"మూడు వారాలండి."

"మూడు నెలలు దాటాలి. ఈలోగా ఇస్తే ఇచ్చినవాడు మంచం పడతాడు. మీ ఆయన కోసం ఇంకొకళ్ళ ప్రాణం మీదికి తెస్తావా?"

మాథ్స్ ఆయన "అంతేనమ్మా, అంతే" అన్నాడు. ఆయన నాతో ఏకీభవించినప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. ఆవిడ "అలాగేనండి" అని వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళుగా జువాలజీ ల్యాబ్‌లో ఉంటూ ఈమాత్రం తెలియదు చూడండి అని నేను పైకే అన్నాను. అందరూ నవ్వారు. నాకు బాగానే అనిపించింది.

మూడు నెలలు నిండిన మర్నాడే బ్లడ్ బ్యాంకుకి వెళ్ళాను. ఆవిడ భర్త అప్పటికే ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేశాడు, నా ప్లాస్మా ఇంకెవరికైనా పనికొస్తుందని వెళ్ళానంతే. అక్కడున్న అమ్మాయి, మా దగ్గర చదివే పిల్లలకంటే నాలుగేళ్ళు పెద్దదేమో, నా కార్డు చూసి అడిగింది.

"ఇన్నాళ్ళెందుకు ఆగారండీ?"

"మూడు నెలలు ఆగాలి కదమ్మా."

"అది మామూలు రక్తానికండీ, అదీ మగవాళ్ళకి. మీరిచ్చింది ప్లాస్మా ఒక్కటే గదా. ఎర్రకణాలు మీకే ఎక్కించేశాం. పరీక్షల్లో అన్నీ బాగుంటే మా దగ్గర రెండు వారాలకే మళ్ళీ తీసుకుంటాం."

తగ్గిన ఎర్రకణాలు మళ్ళీ తయారవడానికి వారాలు పడుతుంది. ప్లాస్మాలో నీటి లోటు ఒకటి రెండు రోజుల్లో తీరిపోతుంది, ప్రోటీన్లకి ఇంకొన్నాళ్ళు. ఇదేమీ దాచిపెట్టిన రహస్యం కాదు. నేను చెప్పే పాఠమే, నా బిట్‌కి రెండు పేజీల ముందే ఉంటుంది. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందంటారు, పాతికేళ్ళు ఎగిరింది నేనే. బ్రాస్‌లెట్ ఆయన భయస్తుడే గానీ ఎవరికీ అడ్డం పడలేదు.

మర్నాడు ల్యాబ్‌కి వెళ్ళాను. ఆవిడ సింకు దగ్గర గాజు స్లైడ్లు కడుగుతోంది. ఆయనకెలా ఉందని అడిగాను. కర్ర పట్టుకుని నడుస్తున్నాడట. వేళ్ళకి మాత్రం పట్టు రాలేదు, ఉలి నిలవడం లేదు. పక్కింటివాళ్ళు చెక్కిన బొమ్మల్ని ఎండబెట్టి, సాయంత్రం లోపల పెడుతున్నాడట.

"ఆ రోజు నేను చెప్పింది తప్పమ్మా. మూడు వారాలకి నేను ఇవ్వొచ్చు" అన్నాను.

ఆవిడ కుళాయి కట్టేసింది.

"మా తమ్ముడు ఇస్తానన్నాడండి, ఆ రోజే. ఆటో తెచ్చి వాకిట్లో పెట్టాడు. నేనే వద్దన్నాను. సార్ చెప్పారు, మంచం పడతావురా అని తిట్టి పంపించాను."

"మరి కొత్తవాళ్ళు ఎప్పటికి దొరికారు?"

"ఎనిమిది రోజులు పట్టిందండి. మైలవరం నుంచి ఒకాయన వచ్చాడు, ఆ తర్వాత ఇంకొకాయన."

ఆలస్యం వల్లే చేతులు అలా అయ్యాయా అని డాక్టర్ని అడిగారా అన్నాను. అడిగామంది. అవునని ఆయన అనలేదట, కాదనీ అనలేదట. నన్ను నేను అసహ్యించుకుంటూ అక్కడే నిలబడ్డాను. ఆవిడ ఏడుస్తుందనో తిడుతుందనో చూశాను. తిడితే బాగుండుననిపించింది. ఆవిడ చేతులు తుడుచుకుని నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు, స్టాఫ్ రూమ్‌లో రోజూ నేను ఎదుటివాళ్ళని చూసేదే.

"తెలీదని ఒక్క మాట అంటే సరిపోయేది గదండీ. బ్లడ్ బ్యాంకులోనే అడిగేదాన్ని" అంది.

పాతికేళ్ళుగా ఎవరేమడిగినా, ఆ ఒక్క మాట తప్ప అన్నీ చెప్పాను.